బొట్టు పెట్టిన బ్రేకు పైపు

చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను తులసి దగ్గర దీపం పెడుతున్నాను. "మీ చిన్నాయన లేస్తలేడు బిడ్డా, పిలిస్తే పలుకుతలేడు" అంది చిన్నమ్మ. అగ్గిపుల్ల వేలిదాకా కాలేవరకు నాకు తెలియలేదు. ఇంకో పుల్ల గీసి దీపం వెలిగించాకే కదిలాను. సగంలో వదిలిన పని చూస్తే ఆయనకు నచ్చదు.

పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప నేనేమీ రాయలేదు. గొంతెత్తి మాట్లాడే అలవాటు కూడా లేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్నది పెద్దకర్మ నాడు విన్న మాట వల్ల. నేను పప్పు వడ్డిస్తుంటే విస్తరి ముందు కూర్చున్న చుట్టం ఒకాయన పక్కాయనతో అంటున్నాడు:

"మంచి పనోడే గని, చివరికి చెయ్యి తప్పింది. డాక్టరు జీపు సంగతి తెల్వదా? బ్రేకు సక్కగ బిగియ్యలేదంట."

"డెబ్బై దాటినంక పానా ఎందుకు పట్టాలె? మనవలను ఎత్తుకోవాలె గని" అన్నాడు పక్కాయన. ఇద్దరూ నవ్వారు. మొదటాయన నా వైపు చూడకుండానే "ఇంకొంచెం పప్పు ఎయ్యమ్మా" అన్నాడు.

వేశాను. ఏమీ అనకుండా ముందుకు జరిగినందుకు వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. బొగ్గుబాయి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తర్వాత జూలూరుపాడు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని పాత జీపులు బాగుచేసేవాడు. బాయి వేలంపాటలో వచ్చినవి, అడవి ఊళ్ళలో ఇప్పచెట్ల కింద తుప్పుపట్టి కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నవి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. ఆ షెడ్డులోనే ఒక మూల నా కుట్టుమిషను ఉండేది. వాటి సీట్లు, పైకప్పు కాన్వాసు కుట్టడం నా పని. ఇరవై ఏళ్ళు అట్లా గడిచాయి.

షెడ్డుకు రాగానే ముందు చేతులు కడుక్కునేవాడు. కాసేపట్లో గ్రీజులో ముంచే చేతులకు సబ్బెందుకని నేను నవ్వితే, "దానికి మన మురికి అంటొద్దు" అనేవాడు. ఏ జీపు బానెట్ మీదా టీ గ్లాసు పెట్టనిచ్చేవాడు కాదు. మిగిలిన గుడ్డతో నేనాయనకు వరుసగా జేబులున్న పరుపులాంటిది కుట్టిచ్చాను. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరుసలోనే జేబుల్లో వేసేవాడు. అందులో ఒక్క జేబు ఖాళీగా కనిపించినా ఆ రోజు టీ కూడా తాగేవాడు కాదు.

మొదటి ఏడు ఒక సీటు కుట్టి చూపించాను. పైన కుట్టు ముత్యాల్లా వచ్చిందని నాకు గర్వం. ఆయన పైన చూడనే లేదు. తిరగేసి కింద లోపలి కుట్టును బొటనవేలితో లాగాడు. దారం తెగింది.

"విప్పు బిడ్డా."

"పైకి మంచిగనే ఉన్నది కద చిన్నాయనా."

"కనపడేది తర్వాత. మోసేది ముందు."

మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. ఆ సీటు ఇప్పటికీ ఒక ఫారెస్టు గార్డు జీపులో ఉంది, నేను చూశాను. ఈ మధ్య వచ్చే రెక్సిన్‌తో కుట్టినవి మాత్రం రెండో ఎండాకాలానికే పగులుతున్నాయి. కుట్టు నిలుస్తుంది, దాని పక్కన రెక్సినే చిట్లుతుంది. నా చేతికే పేరు చెడుతుంది. అందుకే నాసి సామాను మీద ఆయన కోపం నాకు ముందే అర్థమైందనుకుంటాను.

ఆ జీపులు చేయడం ఎప్పుడో మానేశారు. వాటి అసలు సామాను దొరకదు. దాన్ని చూసి చేసిన నకలే దొరుకుతుంది. మొదట్లో ఆ నకళ్ళు కూడా బాగానే ఉండేవి. తర్వాత తర్వాత పెట్టె రంగు పెరిగింది, లోపల బరువు తగ్గింది. అందుకని చిన్నాయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ రబ్బరు సామాను కొన్నా కావలసినదానికంటే ఒకటి ఎక్కువ కొనేవాడు. ఆ ఒకటి బ్లేడుతో నిలువునా కోసి లోపల చూసేవాడు. బాగుంటేనే మిగతావి బిగించేవాడు. కోసిన ముక్కను గోడ మీద కట్టిన ఇనుప తీగకు గుచ్చేవాడు. ఆ తీగ తలుపు దగ్గర మొదలై నా మిషను దాకా వచ్చింది. తలుపు వైపు ముక్కల్లో రబ్బరు మందంగా, మధ్యలో రెండు వరుసల నూలు అల్లిక గట్టిగా కనపడుతుంది. నా వైపు వచ్చేకొద్దీ గోడ పలుచన, అల్లిక ఒక వరుస, అదీ వదులు. కొన్నిటిలో అసలు నూలే లేదు.

ఖమ్మంలో ఆ సామాను అమ్మే కొట్టుకు నేనొకసారి ఆయన వెంట వెళ్ళాను. కొట్టాయన దూరం నుంచే చూసి, "వచ్చిండు మా సర్జన్. ఇయ్యాల ఎవరికి ఆపరేషన్ పెద్దాయనా?" అన్నాడు.

చిన్నాయన కోసిన బ్రేకు పైపును బల్ల మీద పెట్టాడు. ఇనుప గొట్టానికీ చక్రానికీ మధ్య ఉండే రబ్బరు పైపు అది. తొక్కిన బ్రేకు బలమంతా దానిలో నుంచే చక్రానికి చేరుతుంది.

"లోపల నూలేది?"

"గిప్పుడు గిట్లనే వస్తున్నయ్. గా పాత బండ్లు ఎవరు తోల్తున్నరు చెప్పు? షోకుకు పెట్టుకుంటరు. పెండ్లికి ఓసారి, ఫొటోకు ఓసారి. దానికి గీ పైపు సాలదా?"

"షోకు బండికి వాగు అడ్డం రాదా? గొడ్డు అడ్డం రాదా?"

"నీకు నచ్చకుంటే కొనకు."

"నేను కొనకుంటే ఇంకోడు కొంటడు. వాడు కోసి చూడడు" అన్నాడు చిన్నాయన. గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బస్సులో తిరిగి వస్తూ నాకు చెప్పాడు: "నడిచే బండిని ఎవరైనా చేస్తరు బిడ్డా. ఆగాలె. ఆగేదే బండి."

మధిరలో ఒక రిటైరైన లెక్చరర్ సారు ఉన్నారు. వాళ్ళ నాన్నగారు డాక్టరు. భద్రాచలం అడవి ఊళ్ళన్నీ ఒక జీపులో తిరిగి వైద్యం చేసిన మనిషి. ఆయన పోయాక జీపు ఏళ్ళ తరబడి కొట్టంలో పడి ఉంది. దాన్ని బాగుచేయించి, అందులోనే తల్లిని పర్ణశాలకు తీసుకుపోవాలని సారు కోరిక. మొన్నటి దసరాకు ఆ జీపు పని చివరికొచ్చింది. బ్రేకు పైపులు ఒక్కటే మిగిలాయి.

ఆయుధపూజ నాడు షెడ్డు కడిగి, సామానంతా చాప మీద పేర్చి పూజ చేయడం ప్రతి ఏడూ నా వంతు. పానాలకు, సుత్తులకు, నా కత్తెరకు బొట్లు పెట్టాను. ఖమ్మం కొట్టు నుంచి తెచ్చిన కొత్త పైపుల అట్టపెట్టె మీద పాత కంపెనీ పేరు కింద లక్ష్మీదేవి బొమ్మ అచ్చువేసి ఉంది. దానికి దండం పెట్టుకుని, పెట్టె విప్పి లోపలి పైపులన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. అమ్మవారి చేతి మీదుగా వచ్చిన వస్తువనే అనుకున్నాను.

మర్నాడు చిన్నాయన బ్లేడు తీసి ఒక పైపు చేతిలోకి తీసుకుని ఆగాడు.

"వీటికి గూడ పెట్టినవా?"

"పెట్టిన చిన్నాయనా. అట్ట మీద అమ్మవారున్నది కద."

ఆయన పైపును చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు. నాకుందని తెలుసు. బొట్టు పెట్టినదాన్ని కోస్తే నా మనసుకు పడదని కూడా తెలుసు. పైపును అటూ ఇటూ వంచి, వాసన చూసి, "సరే తియ్" అని బ్లేడు మడిచి జేబులో వేసుకున్నాడు. ఒకటి పక్కన పెట్టి మిగతావి బిగించాడు. నా భక్తిని గౌరవించాడని ఆ రోజంతా నాకు సంతోషం.

కార్తీకంలో వాళ్ళు బయలుదేరారు. పాల్వంచ దాటాక అడవి దారి దిగుడులో సారు తొక్కిన బ్రేకు నేలకు అంటుకుంది. జీపు రోడ్డు దిగి మట్టికట్టను కొట్టుకుని ఆగింది. తల్లి మణికట్టు విరిగింది. దేవుడి దయ, అంతకంటే పెద్దది జరగలేదు. దగ్గరి ఊరి మెకానిక్ చిరిగిన పైపు తీసి పారేసి ఇంకొకటి వేసి, "బిగించినోడికి కండ్లు కనపడవా" అన్నాడట. ఆ మాట జీపుకంటే ముందే ఊరికి చేరింది.

"ఏమైంది చిన్నాయనా?" అని అడిగాను.

"నా చూపే తప్పింది" అన్నాడు. అంతే. నేనూ నమ్మాను. తర్వాత షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది. అయినా రోజూ వచ్చేవాడు, చేతులు కడుక్కునేవాడు, జేబుల గుడ్డ దులిపి మళ్ళీ పరిచేవాడు. చలికాలం పోకముందే ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ని తీసుకుపోయింది.

పెద్దకర్మ అయిన వారానికి, ఆ పప్పు వడ్డన గుర్తొచ్చి నిలవలేక షెడ్డు తాళం తీశాను. అలమరలో, లక్ష్మీదేవి అట్టపెట్టెలో ఆ మిగిలిన పైపు ఉంది. పసుపు ఎండిపోయి ఉంది. బొట్టు చెదరలేదు. కోత లేదు.

అప్పుడు తెలిసింది. ఆయన చూపు తప్పలేదు, నా బొట్టు చూసి కోయకుండా ఆగాడు.

చేతులు కడుక్కున్నాను. రాముడికి దండం పెట్టుకుని, నా కత్తెర తీసుకుని దాన్ని నిలువునా కోశాను. కత్తెర జారినంత తేలిగ్గా దిగింది. లోపల ఒకే ఒక వరుస నూలు, పాత దోమతెరకంటే వదులు. రబ్బరు గోటితో గీరితే పొడి రాలింది. వేలుపట్టేంత చోట నూలు అసలే లేదు.

నాకు ఎవరి మీదా కోపం నిలవదంటారు. ఇది నిలిచింది. దీన్ని చేసినవాడికి ఇది బ్రేకు పైపని తెలియదా? పెట్టె మీద పాత కంపెనీ అక్షరాలు అచ్చం దించడానికి మనిషిని పెట్టుకున్నాడు, అంత శ్రద్ధ లోపలి నూలు మీద పెట్టలేకపోయాడా? పైగా అమ్మవారి బొమ్మ. మా వంటివాళ్ళు దండం పెట్టుకుంటారని తెలిసే కదా వేసింది. చేసినవాడు ఎక్కడో సుఖంగా ఉన్నాడు. అమ్మినవాడు "నచ్చకుంటే కొనకు" అన్నాడు. జీవితమంతా కోసి చూసిన మనిషికి చెయ్యి తప్పిందని పేరొచ్చింది. ఇదెక్కడి న్యాయం?

ఆ ముక్కను గుడ్డలో చుట్టుకుని, తలుపు దగ్గరి పాత ముక్క ఒకటి కూడా తీసుకుని, ఖమ్మంలో బస్సు మారి మధిర వెళ్ళాను. సారు లోపలికి పిలిచారు. రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాను.

"ఇది ఒకప్పటిది సారూ. ఇది మీ జీపుకు వేసిన పైపుల్లోది. మా చిన్నాయన బిగించుడులో తప్పు లేదు. వస్తువే గిట్లున్నది."

సారు రెండింటినీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. పక్కన కుర్చీలో వాళ్ళ అమ్మగారు, ఇంకా పూర్తిగా వంగని చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మీ చిన్నాయన వచ్చాడమ్మా ఇక్కడికి. నా చేతికి కట్టు ఉండగానే" అన్నారు ఆమె. నాకు ఆ సంగతి తెలియదు. "వద్దంటున్నా నా కాళ్ళకు దండం పెట్టాడు. 'నేను కోసి చూడలేదమ్మా, తప్పు నాదే' అన్నాడు. ఏం కోయాలో మాకు అర్థం కాలేదు. పెద్దవాడు, ఏదో బాధలో అంటున్నాడులే అనుకున్నాం."

"ఎప్పుడూ కోసి చూసేవాడా?" అని అడిగారు సారు.

"ఎప్పుడూ సారూ."

"మరి ఈసారి ఎందుకు చూడలేదు?"

పప్పు వడ్డించిన నాటిలా ఈసారి పక్కకు జరగలేదు. "పెట్టె మీద అమ్మవారి బొమ్మ అచ్చేసి ఉన్నదని నేను పైపులకు బొట్టు పెట్టిన. బొట్టు పెట్టినదాన్ని కోస్తే నేను బాధపడ్తనని ఆగిండు. మీకు వచ్చి చెప్పిండు గని, నా పేరు చెప్పలే. నాకు గూడ చెప్పలే."

అమ్మగారు బాగున్న చేత్తో ఆ పైపు ముక్క తీసుకుని, దాని మీది కుంకుమను వేలితో తడిమారు.

"నువ్వు దేవుణ్ణి నమ్మావమ్మా, ఆయన నిన్ను నమ్మాడు. ఆ బొమ్మ అచ్చువేసినవాడే ఎవర్నీ లెక్కచేయలేదు" అన్నారు.

పెద్దకర్మ నాటి మాట కూడా చెప్పాను. సారు ఆ చుట్టానికి, ఆ మెకానిక్‌కి, అడిగిన ప్రతివారికీ తానే చెప్తానన్నారు. చెప్తున్నారని చిన్నమ్మ ద్వారా విన్నాను. పేరు సంగతి అట్లా తీరింది. నా సంగతి తీరలేదు, అందుకే రాశాను.

షెడ్డు రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు. ఈ కాగితాలను జేబుల గుడ్డలో చుట్టి అలమరలో పెడుతున్నాను. మీరు అక్కడ పని చేయడానికి వచ్చినవారైతే చదవండి, తర్వాత మళ్ళీ అక్కడే పెట్టండి. పేపరుకు ఇవ్వకండి, మీటింగుల్లో చదవకండి, ఎవరికీ చూపించకండి. తన గురించి పదిమందిలో మాట్లాడితే ఆయన లేచి బయటికి పోయేవాడు. చూపించాలంటే ఆ తీగ చూపించండి. మధిర నుంచి తెచ్చి ఆ ముక్కను కూడా నేనే దాని చివర గుచ్చాను. మధ్యాహ్నం అడవి వైపు నుంచి గాలి వచ్చినప్పుడు తలుపు దగ్గరి ముక్కలు కదలవు, నా మిషను వైపువి ఊగుతాయి. అన్నిటికంటే ఎక్కువ ఊగేది చివరిది, నిలువునా చీలి, పైన ఇంకా బొట్టుతో.