ఆసారి చదును చేసిన నాణెం

ఆ ఏడు తమిళుల ఆడి మాసంలో, అంటే ఆషాఢం రోజుల్లో, నన్ను మదురై నుంచి కోయంబత్తూరు మ్యూజియానికి బదిలీ చేశారు, నాణేల విభాగంలో సహాయకుడిగా. అక్కడి నూలు మిల్లులు మూడు షిఫ్టులూ నడిచే రోజులు. పేరుకు గొప్ప పనే గానీ, కాళ్లరిగేలా ఊళ్లు తిరిగి, దొరికినదాన్ని తూచి, నివేదిక రాయడమే. భూమిలో పాత నాణెం దొరికితే కలెక్టరుకు తెలపాలి. మా నివేదికను బట్టి ప్రభుత్వం దొరికినవారికి ప్రతిఫలం ఇస్తుంది.

ఊరి పక్కనే ఉన్న తుడియలూరు నుంచి ఒక కవరు వచ్చింది. రంగమ్మ అనే ఆవిడకు వంటింటి గోడకు పునాది తవ్వుతుంటే వంకర వెండి బిళ్ల దొరికిందట. అక్కడి బడిపంతులు దానిమీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చు పంపాడు. దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. నాణేల మీదికి రాజుల పేర్లు ఇంకా రాని కాలంలో వెండి ముక్కలపై గుర్తులు కొట్టేవారు. మామూలుగా ఐదుంటాయి. ఇందులో ఐదో గుర్తు నేను ఏ పట్టికలోనూ చూడనిది. శుక్రవారం వస్తానని, నాణెం చూపమని ఉత్తరం రాశాను.

వెళ్లేసరికి రంగమ్మ దాన్ని తమలపాకు మీద పెట్టి తెచ్చింది. తళతళలాడుతోంది, చదునుగా ఉంది. ఒక్క గుర్తూ లేదు.

"అయ్యో, ఏం చేశావమ్మా!" అని అరిచాను.

"ఆఫీసరు వస్తారని లెటరు వచ్చె గదా సార్. అళుక్కుతో ఎట్ల చూపేది? సామి ముందర గూడ తోమని వెండి పెట్టము. వంకరగా ఉండె, ఆసారి దగ్గర కొట్టిచ్చి పాలిష్ ఏపిచ్చినా," అంది. అళుక్కు అంటే మురికి, ఆసారి అంటే అక్కడి కంసాలి.

ఆమె భర్త మిల్లులో దూది దువ్వే కార్డింగ్ విభాగం పనివాడు. గోడకానుకుని దగ్గుతున్నాడు. ప్రతిఫలం వస్తే ఇడ్లీ కొట్టు పెట్టి, ఆయన్ని ఆ దుమ్ములోంచి బయటికి తేవాలని ఆమె ఆశ. ఇంకేమీ రాదా అని అడిగింది. నాణెం మీద గుర్తులు పోయాయి, ఒక్క పెన్సిలు అచ్చును చూసి ప్రతిఫలం ఇవ్వడానికి మా శాఖ కమిటీ ఒప్పుకోదు. రాదన్నాను.

"ఆమెనేం అనొద్దు సార్. నాకు షిఫ్టుకు టైమాయె," అని ఆయన టిఫిన్ క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు.

అరిచినందుకు సిగ్గేసింది. తోమవద్దని నా ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. ఆ తరవాత రిటైరయ్యేదాకా నా ప్రతి ఉత్తరమూ 'కడగకండి, వంకర తీయకండి, మట్టితోనే ఉంచండి' అనే మొదలైంది. వస్తువు గురించి ఎంత చదివినా, దాన్ని ఆ ఇంట్లో ఎలా గౌరవిస్తారో ముందు అడగాలి. అది నేర్చుకున్నది నేను, నష్టపోయింది రంగమ్మ.