పాత కంప్యూటరుకు సర్టిఫికెట్

2004లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక రబ్బరు గాస్కెట్ల కంపెనీలో పరిపాలనాధికారిగా చేరాను. గాస్కెట్ అంటే రెండు పైపులు కలిసే చోట ఆవిరో నీరో కారకుండా బిగించే రింగు. హోదాలో సూపరింటెండెంటుకు పైన, మేనేజరుకు కింద. సిబ్బంది సెలవులు, కంప్యూటర్ల కొనుగోళ్లు, కోర్టు కేసులు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. నేను న్యాయశాస్త్రం కాలేజీలో చదవలేదు. ఉప్పల్ శాఖా గ్రంథాలయంలో ఆదివారాలు కూర్చుని చదువుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే.

ఇది 2014 దసరా నాటి సంగతి. అంతకు కొన్నేళ్ల ముందు మా గాస్కెట్లు కొన్న ఒక అద్దకం మిల్లులో ఆవిరి లైను పగిలి ఒక కార్మికుడికి ఒళ్లు కాలింది. మిల్లు మా మీద దావా వేసింది. ఆ సరుకు చన్నీటి లైన్లకే పనికొస్తుందని, ఆవిరికి వాడవద్దని మా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ సరిత వాళ్లకు ముందే మెయిల్ పంపింది. అలాంటి మెయిల్ రానేలేదని, మేం తర్వాత సృష్టించామని మిల్లు వాదన. మెయిల్ నిలబడకపోతే సరిత ఉద్యోగం పోతుందని యాజమాన్యం తేల్చి చెప్పింది. ఆమె బాధ మాత్రం వేరు.

“నౌకరీ పోతే ఇంకోటి సూసుకుంట సార్. గా మనిషి నా వల్లనే కాలిండని కోర్టు కాయితంల రాస్తరు కద, అదెట్ల పోతది?” అంది ఒకసారి.

మెయిల్ ప్రింటు కాగితం అప్పటికే కోర్టులో ఉంది. అది చాలనుకున్నాం. సరిగ్గా పండగ ముందు మా వకీలు ఫోన్ చేశారు. కిందటి నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, సర్టిఫికెట్ జత చేయని ప్రింటు సాక్ష్యంగా చెల్లదన్నారు. ఇది సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షన్. 2000లో ఐటీ చట్టంతో పాటే వచ్చిందిగానీ అంతవరకు కింది కోర్టులు పెద్దగా పట్టించుకోలేదు. కాగితం ఏ కంప్యూటరు నుంచి వచ్చింది, అది రోజూ వాడకంలో ఉండేదా, ఆ కాలంలో సరిగా పనిచేసిందా అన్నవి రాసి, దాని బాధ్యత చూసే అధికారి సంతకం చేయాలి. పాత ప్రింటు ఎవరు, ఎప్పుడు తీశారో ఎవరికీ గుర్తులేదు. మెయిల్ పుట్టిన కంప్యూటరు నుంచే మళ్లీ తీసి సర్టిఫికెట్ పెడదామని, సెలవుల తర్వాత వాయిదాకు సిద్ధంగా ఉంచమని వకీలు చెప్పారు.

ఫోన్ పెట్టేశాక గ్రంథాలయంలో చదివిన ఒక వ్యాసం గుర్తొచ్చింది. అమెరికా కోర్టుల్లో ఎలక్ట్రానిక్ రికార్డుల వెల్లడికి 2006లో వచ్చిన నియమాల గురించి అది. దావా వస్తుందని తెలిసిన వ్యాపారి వెతకడం కంటే ముందు చెరపడం ఆపాలని అందులో నొక్కి రాశారు. మా దగ్గర సరిగ్గా ఆ రోజే చెరుపుతున్నారు. నాచారంలో ఏ ఫ్యాక్టరీలోనైనా ఆయుధ పూజకు ముందు దుమ్ము దులిపి, పనికిరానిది బయటపెట్టి, మిషన్లు కడుగుతారు. ఆ ఏడు పాత కంప్యూటర్లను శుభ్రం చేసి దగ్గర్లోని సర్కారు బడికి ఇవ్వాలని డైరెక్టరుగారు నిర్ణయించారు.

స్టోర్స్‌కు పరుగెత్తాను. కంప్యూటర్ల పని చూసే శ్రీను ఉత్సాహంగా ఉన్నాడు.

“అన్నీ ఫార్మాట్ కొట్టేసిన సార్. మస్తు సాఫ్ అయినయ్. పిల్లలకు కొత్తదానిలెక్క ఉంటది.”

“క్వాలిటీ ల్యాబ్‌ది కూడానా?”

శ్రీను మొహం ముడుచుకున్నాడు. “అదొక్కటే రాలే సార్. పొద్దుగాల పోతే ఎల్లమ్మ గుంజుకోనియ్యలే. మీరే చెప్పాలె ఆమెకు.”

ఎల్లమ్మ ల్యాబ్ సహాయకురాలు. వెళ్లి చూస్తే బల్ల మీద పీడనం కొలిచే గేజీలు, తూకం యంత్రం, వాటి పక్కన రెండేళ్లుగా మూలన పడున్న సరిత పాత కంప్యూటరు. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. శ్రీను నా వెనకే వచ్చాడు.

“సారూ, మీరన్న చెప్పున్రి గీ పోరనికి,” అంది ఎల్లమ్మ. “బొట్టు పెట్టి కూసోబెట్టినంక వైరు గుచ్చుతడట! ఇన్నేండ్లు మాతోని పని జేసింది, దానికి పూజ ఉండొద్దా? దస్మి ఎల్లినంక తీస్కపో అంటే ఇంటలేడు.”

“గిది పాత డబ్బా అక్కా!” అన్నాడు శ్రీను.

“నువ్వు ముసలోనివైతే నిన్ను గిట్లనే మూలకేస్తరు బిడ్డా, అప్పుడు తెలుస్తది!”

ల్యాబంతా నవ్వింది. అదొక్కటి తుడవకుండా మిగిలిందని తెలిసి నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. బతుకమ్మకు తొందరగా ఇంటికి పోవాలని సంచి సర్దుకుంటున్న సరితకు సంగతి చెబితే, సంచి కింద పెట్టేసి ఆ కంప్యూటరు దగ్గరికి వచ్చింది. పండగ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, ల్యాబుకు తాళం వేయించి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

పండగ వెళ్లాక ఇద్దరు సాక్షుల ఎదుట దాన్ని తెరిచాం. పంపిన మెయిళ్లలో సరిత రాసింది చెక్కుచెదరకుండా ఉంది. సర్టిఫికెట్ మీద నేనే సంతకం పెట్టాను. మిల్లు వకీలు అభ్యంతరం చెప్పినా జడ్జిగారు దాన్ని సాక్ష్యంగా స్వీకరించారు. తర్వాత కొద్ది వాయిదాలకే మిల్లు రాజీకి వచ్చింది. సరిత మీద ఆరోపణ వెనక్కి తీసుకోవడం మొదటి షరతు, కాలిన కార్మికుడి వైద్యం ఖర్చు మిల్లు భరించడం రెండోది. రాజీ పత్రం చదివి సరిత, “ఇగ నిద్రపడతది సార్” అంది. నాకూ అంతే అనిపించింది.

అయితే ఆ రోజు మమ్మల్ని కాపాడింది ఎల్లమ్మ పట్టుదలే తప్ప మా కార్యాలయ పద్ధతి కాదు. మా దగ్గర అసలు పద్ధతే లేదు. కేసు నడుస్తున్న విభాగంలో ఏ కంప్యూటరు తీయాలన్నా, తుడవాలన్నా నా లిఖిత అనుమతి ఉండాలని ఆ వారమే ఉత్తర్వు వేయించాను. నా పదవీ విరమణ దాకా అది అమల్లో ఉంది. చిన్న వ్యాపారులెవరైనా సలహా అడిగితే నేను చెప్పేది ఇదే: కోర్టు నోటీసు అందిన రోజున ఆఫీసులో ముందుగా సఫాయి పని ఆపించండి. వకీలుకు ఫోన్ ఆ తర్వాత చేయవచ్చు.