ఆకు వండిన తీపి

మా టీచరమ్మ పోయారని మొన్న నల్లగండ్ల నుంచి ఆమె మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. నాలుగు తరగతులు చదివినదాన్ని, ఏం తప్పు రాస్తానోనని భయం. అయినా ఆమె సంగతి మీకు చెప్పాలి.

డెబ్బైల్లో పుప్పాలగూడలో మాకు ద్రాక్షతోట ఉండేది. టీచరమ్మ కోస్తా నుంచి మా ఊరి బడికి బదిలీ మీద వచ్చి, మా ఇంట్లోనే ఒక గదిలో కిరాయికి దిగారు. తోటలో నడుస్తూ ఏ ఆకునైనా తిరగేసి చూసేవారు. గాలి లోపలికి పోయే సన్నటి నోళ్ళు ఆకు అడుగునే ఉంటాయట.

అప్పటికి రెండేళ్ళుగా మా పండు పులుపే. గుత్తులకు ఎండ తగలాలని మా అత్త ఆకంతా దూసేసేది. "ఈసారి గూడ పుల్లగైతే తీగలన్నీ నరికి జొన్న ఏస్త" అన్నాడు మా ఆయన. కొత్త కోడలిగా నేను బిందెలతో నీళ్ళు మోసి బతికించిన తీగలవి. ఆ మాట టీచరమ్మకి చెప్పుకున్నాను.

టీచరమ్మ నేరుగా అత్త దగ్గరికి వెళ్ళారు. "పెద్దమ్మగారూ, వంటచేసేవాళ్ళని వెళ్ళగొట్టి, తినేవాణ్ణి ఎండలో నిలబెడితే ఎలాగండీ? చక్కెర చేసేది ఆకు. పండు దాచుకుంటుందంతే."

"ఏంది టీచరమ్మా, ఆకు వంట జేస్తదా? మరి పొయ్యేడుంది?"

"ఎండే పొయ్యి. మనం వదిలే గాలి, వేరు పంపే నీళ్ళు, ఈ రెండే సరుకు. ఒక్క వరస నాకు వదలండి, చూపిస్తాను."

అత్త నవ్వి వదిలింది. దిగులు నాకే. ఆకుల చాటున గుత్తులు కుళ్ళితే? రోజూ ఆ వరస కింద నిలబడి నిట్టూర్చేదాన్ని.

"నిట్టూర్చు అమ్మాయ్, బాగా నిట్టూర్చు," అనేవారామె. "ఆ గాలి కూడా ఆకు వృథా పోనివ్వదు."

కోతల నాడు మా ఆయన దూసిన వరసలో ఒక పండు నోట్లో వేసుకుని మొహం ముడిచాడు. టీచరమ్మ వరసలో ఒకటి తిన్నాడు. ఇంకోటి తెంపాడు. మరోటి.

"జర నాకియ్యిరా!" అంది అత్త.

"ఇస్త గని, ఇగ ఆకు ముట్టకు."

అత్త పండు చప్పరిస్తూ, "నీళ్ళకూ గాలికీ ఇంత తీపా!" అంది. టీచరమ్మ పందిరి కింద తల పైకెత్తి నిలబడి ఉన్నారు. ఆకుల సందుల్లోంచి జారిన ఎండ చుక్కలు ఆమె తెల్లచీర మీద కదులుతూనే ఉన్నాయి.