మినిట్స్‌కి ఎక్కని మూడు గంటలు

మికామి తోషియె కమిటీలో నోరు మెదపకుండా కూర్చుందని, ప్రభుత్వం పోసిన టీ తాగి వచ్చేసిందని నగోయాలో సకయె పేట వీధుల్లో చెప్పుకుంటున్నారు. పార్కు దగ్గర నిలబడే అమ్మాయిలు కూడా అదే నమ్మారు. అందులో నిజం లేదు. ఆవిడ మాట్లాడింది. గడియారం పెట్టి చూస్తే మూడు గంటల పైనే మాట్లాడింది. కాకపోతే మాట్లాడాల్సిన గదిలో కాదు.

తోషియెకి అరవై ఎనిమిది దాటాయి. నగోయాలో ఒక వార్డు ఆఫీసులో, ఆడవాళ్ల సలహా కౌంటర్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. రిటైరయ్యాక జనం మొక్కలు పెంచుతారు, పాటల క్లబ్బుల్లో చేరతారు. ఈవిడ మాత్రం రోజూ సాయంత్రం నాలుగింటికి గుడ్డ సంచీ భుజాన వేసుకుని పార్కుకి పోయేది. సంచీలో అన్నం ముద్దలు, నెలసరి ప్యాడ్లు, చలికాలమైతే చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు. అక్కడ నిలబడే అమ్మాయిలకి నీతులు చెప్పేది కాదు. "ఏం తిన్నావే?" అని మొదలుపెట్టేది. వాళ్లు అబద్ధం చెబితే అన్నం ముద్ద చేతిలో పెట్టేది.

అక్కడి చట్టం సంగతి ఆ పార్కులో అందరికీ తెలుసు. రోడ్డు మీద నిలబడి మగవాణ్ణి పిలిచిన ఆడదాన్ని పోలీసులు పట్టుకుపోతారు. వెంట వెళ్లినవాడు బూట్ల లేసులు సరిచేసుకుని రైలెక్కి ఇంటికి పోతాడు. డెబ్భై ఏళ్లుగా ఇదే తంతు. దాన్ని మార్చాలా వద్దా చూడమని ప్రభుత్వం టోక్యోలో ఏడుగురితో ఒక కమిటీ వేసింది. లా ప్రొఫెసర్లు, లాయర్లు, ఒక డాక్టరు, పెద్ద పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయిన ఒకాయన. ఏడో పేరు మన తోషియెది.

ఉత్తరం వచ్చిన రోజు దాన్ని పట్టుకుని తిన్నగా పాత స్నేహితురాలు సదయె నడిపే కాఫీ హోటలుకి వెళ్లింది. సదయె చదివి కళ్లద్దాలు పైకి తోసింది.

"నిపుణురాలట! నువ్వా! టోస్టు మీద వెన్న సరిగ్గా రాయడం రాదు నీకు."

"రాయడం రాకపోయినా తినడం వచ్చుగా. ఇంకోటి పెట్టు."

"ఆ ప్రొఫెసర్ల పక్కన ఏం కట్టుకుని కూర్చుంటావే? ఆ బూడిద రంగు కోటేనా? చావింటికీ అదే, పెళ్లికీ అదే."

"చట్టం చావుకి వెళ్తున్నా. సరిపోతుంది."

ఆ రోజు తోషియె నవ్వినంతగా మళ్లీ నవ్వలేదని సదయె ఇప్పటికీ అంటుంది.

పార్కులో అయానో అనే అమ్మాయి ఉండేది. పాతికేళ్లు. నాలుగేళ్ల కూతురు కొహరు పిల్లల ఆశ్రమంలో పెరుగుతోంది. ఏడాది పాటు ఏ కేసూ లేకుండా ఉంటే పిల్లని ఇంటికి పంపే సంగతి చూస్తామని ఆశ్రమం వాళ్లు చెప్పారు. అప్పటికే రెండుసార్లు పట్టుకున్నారు. పట్టుకున్న ప్రతిసారీ ఆ ఏడాది మళ్లీ మొదటికొచ్చేది. వేరే పని చూసుకోవచ్చుగా అనేవాళ్లుంటారు. చూసుకుంది. పగలు బెంటో ఫ్యాక్టరీలో, అమ్మకానికి పోయే అన్నం డబ్బాల్లో కూర ముక్కలు సర్దేది. ఆ జీతానికి పిల్లకంటూ ఒక గది ఉన్న ఇల్లు దొరకదు. గది చూపించకపోతే ఆశ్రమం పిల్లనివ్వదు.

కమిటీ సంగతి విని అయానో తోషియె చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, నువ్వు ఇంకేం చెప్పకపోయినా పర్లేదు. ఒక్కటి చెప్పు. వాడు ఇంటికెళ్తాడు, నేను లాకప్‌కెళ్తాను, నా పిల్ల ఆశ్రమంలో ఉండిపోతుంది. ఆడదాన్ని పట్టుకునే ఆ ముక్క తీసెయ్యమను. అంతే."

"చెప్తా."

"పెద్దవాళ్ల ముందు మర్చిపోవుగా?"

"కాగితం మీదికెక్కేలా చెప్తానే పిచ్చిదానా."

మాటిచ్చేసింది. తోషియె మాటిస్తే అంతే.

మొదటి సమావేశానికి పది రోజుల ముందు కమిటీ పనులు చూసే ఆఫీసరు ఒకాయన టోక్యో నుంచి ఇంటికే వచ్చాడు. నిషిఒకా అని, నలభై లోపు మనిషి. చెస్ట్‌నట్ మిఠాయిల పెట్టె రెండు చేతులతో అందించి, సాక్సులు లాక్కుంటూ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"సమావేశంలో టైము తక్కువండీ మికామి గారూ. తమరి అభిప్రాయాలు ముందే విని పెట్టుకుందామని వచ్చాను."

అక్కడ ఏ ఆఫీసులోనైనా పని ఇలాగే జరుగుతుంది. సమావేశం రోజున ఎవరూ కొత్త మాట ఎత్తరు. చెప్పాల్సింది ముందే, ఆఫీసు పెద్ద కుర్చీ పక్కన కూర్చుని, టీ తాగుతూ చెప్పాలి. పెద్దాయన దాన్ని తన నోటితో సమావేశంలో పెడతాడు. అందరూ తలూపుతారు. ముప్పై ఒక్క ఏళ్లు తోషియె అలాగే పనులు చేయించుకుంది. వార్డు ఆఫీసు పెద్ద ఎన్నడూ ఆవిడ మాట దాచుకోలేదు. అందుకే నిషిఒకా ముందు గుండె విప్పేసింది. లాకప్‌లో గర్భం పోయిన పిల్ల గురించి చెప్పింది. కొట్టినవాడి మీద కేసు పెడదామని స్టేషనుకి వెళ్లి తానే నేరస్తురాలై కూర్చున్న ఆవిడ గురించి చెప్పింది. అయానో పేరు తీయకుండా అయానో కథంతా చెప్పింది. ఆ ముక్క తీసెయ్యాలని మూడుసార్లు అంది. నిషిఒకా పేజీలకి పేజీలు రాసుకున్నాడు. ఒకచోట పెన్ను ఆపి కళ్లు తుడుచుకున్నాడు కూడా. వెళ్తూ గుమ్మంలో నడుం వంచి, "తమరి మాట వృథా పోనివ్వనండీ" అన్నాడు.

ఆయన అబద్ధమాడాడని తోషియె ఇప్పటికీ అనదు. రాసుకున్నది ఏ సొరుగులో పడుకుందో ఆయనకే తెలియాలి.

టోక్యోలో మొదటి సమావేశం. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. అధ్యక్షుడు తెల్ల జుట్టు ప్రొఫెసరు, మెత్తగా మాట్లాడే మనిషి. ప్రొఫెసర్లు ఐరోపా చట్టాల గురించి చెప్పారు. పోలీసు ఆయన అంకెలు చదివాడు. చివర తోషియె వంతు వచ్చేసరికి అనుకున్న టైము దాటిపోయింది. డాక్టరు వాచీ చూసుకుంటోంది.

"మికామి గారూ, మీరేమైనా చెబుతారా?"

తోషియె లేచి నిలబడింది. నిషిఒకాకి చెప్పిందే మళ్లీ చెప్పి ఇంతమంది టైము తినడం మర్యాద కాదనుకుంది. "నేను చెప్పాల్సిందంతా ముందే చెప్పానండీ. ఇప్పుడు ప్రత్యేకంగా ఏమీ లేదు" అని తల వంచి కూర్చుంది. అధ్యక్షుడు సంతోషించాడు. అందరూ సంతోషించారు.

రెండో, మూడో సమావేశాలు ఆడదాన్ని కొన్నవాడికి శిక్ష వెయ్యాలా వద్దా, వేస్తే ఎంత అన్నదాని మీదే నడిచాయి. తన ముక్క చివర్లో వస్తుందని తోషియె ఓపిగ్గా కూర్చుంది. నిషిఒకా ప్రతిసారీ ముందుగా ఇంటికొచ్చి పది నిమిషాల్లో కాగితాలు చూపించి పోయేవాడు. "నా సంగతి?" అని అడిగితే, "పైవాళ్లకి చేరిందండీ" అనేవాడు.

నాలుగో సమావేశం ఆఖరిది. బల్ల మీద నివేదిక పెట్టారు. తోషియె వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. కొన్నవాడికి శిక్ష పెట్టాలట. నిలబడిన ఆడదానికున్న శిక్ష ఉన్నది ఉన్నట్టే ఉంచాలట, ఎందుకంటే దాని మీద "సభ్యుల నుంచి ప్రత్యేక అభిప్రాయం రాలేదు".

చెయ్యెత్తింది. ఆ గదిలో ముందుగా చెప్పకుండా చెయ్యెత్తినవాళ్లు అప్పటిదాకా లేరు.

"ఇది తప్పండీ. ఆ శిక్ష తీసెయ్యాలి."

అధ్యక్షుడు కాగితాలు తిరగేశాడు. "ఇది కొత్త విషయం కదా మికామి గారూ. ఆఖరి రోజున ఎత్తితే ఎలా? మొదట్లోనే చెప్పాల్సింది."

"చెప్పానండీ!"

"ఎప్పుడు?"

"మా ఇంట్లో. ఈయనకి. మూడు గంటలు చెప్పాను."

గదిలో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని తోషియెకి తెలుసు. నిషిఒకా తన ముందున్న కాగితం అంచు సరిచేసుకుంటున్నాడు.

"ఇళ్లల్లో మాట్లాడుకున్నవి కమిటీ చర్చలు కావమ్మా," అన్నాడు అధ్యక్షుడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "మీ ఆవేదన మాకు అర్థమైంది. మినిట్స్‌లో ఆ సంగతి తప్పకుండా రాయిస్తాం. మిగతావాళ్లకి అభ్యంతరం లేదు కదా?"

లేదు.

మినిట్స్‌లో రాయించారు. ఒక సభ్యురాలు ఆవేదన వ్యక్తం చేశారని. దేని గురించో రాయలేదు.

మార్చిలో అయానోని మూడోసారి పట్టుకున్నారు. కొహరు ఏడాది మళ్లీ మొదటికొచ్చింది. బయటికొచ్చిన నాలుగో రోజు అయానో సదయె హోటలుకి వచ్చింది. తోషియె అక్కడే కూర్చుని ఉంది. వచ్చినమ్మాయి కూర్చోలేదు. ఫోను బల్ల మీద పెట్టి మినిట్స్ తెరిచి చూపించింది. పేర్లు ఉండవు అందులో, ఎవరు ఏ పని చేసినవాళ్లో మాత్రం ఉంటుంది. పేరు అక్కర్లేదు. సలహా కౌంటర్లో పనిచేసిన సభ్యురాలు ఒక్కరే.

"ప్రత్యేకంగా ఏమీ లేదన్నావా పిన్నీ?"

తోషియె ఫోను దగ్గరికి లాక్కుని ఆ వరుస మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వేనా, వేరే ఎవరైనానా? నువ్వు కాదని చెప్పు, నమ్ముతాను."

"నేనే అన్నాను."

సదయె కౌంటరు వెనకనుంచి అరిచింది. "ఆగవే! ఆవిడ ఇంట్లో మూడు గంటలు..."

"సదయె, ఊరుకో," అంది తోషియె.

సంచీలోంచి అన్నం ముద్ద తీసి ఇవ్వబోయింది. అయానో చెయ్యి చాపలేదు. "ఇదీ ఆ కమిటీ వాళ్లకే పెట్టు" అని వెళ్లిపోయింది. తర్వాత పార్కులో కనబడలేదు. ఫుకుఒకా పోయిందని ఒకరు, ఒసాకాలో చూశామని ఒకరు. కూతుర్ని చూడ్డానికి నెలకోసారి ఆశ్రమానికి వెళ్లేది, అది కూడా మానేసిందట.

ఎందుకు నిజం చెప్పనివ్వలేదని సదయె తర్వాత చాలాసార్లు గొడవపడింది. తోషియె ఒక్కసారే జవాబిచ్చింది. "ఆ పిల్ల నన్ను చెప్పమంది ఆఫీసరుకి కాదు."

ఇప్పుడు తోషియె పార్కుకి పోవడం లేదు. నాలుగు కాగానే కిటికీ తెర వేసేస్తుంది. సదయె పంపిన టిఫిను గిన్నె తలుపు బయట అలాగే ఉండిపోతోంది. ఫోను మోగితే తియ్యదు. సదయెకి మోకాళ్లు పట్టేసి మూడో అంతస్తు ఎక్కలేకపోతోంది. ఆ వైపు వెళ్లే పని మీలో ఎవరికైనా ఉంటే, పార్కు వెనక లిఫ్టు లేని పాత మేడ, మూడో అంతస్తులో కుడివైపు చివరి తలుపు. ఒకసారి తట్టి చూడండి. వెంటనే తియ్యదు. కాస్త నిలబడండి. తీశాక కమిటీ ఊసెత్తకండి. ఏం తిన్నారని అడగండి.