మేక సాక్ష్యం

నర్సీపట్నం వెళ్లే బస్సు చెరకు ట్రాక్టరు వెనక ఆగిపోయింది. నా చెయ్యి పైన కడ్డీని పట్టుకుని ఉంది, కాలు ఎవరిదో జీడిపిక్కల మూటకీ సీటుకీ మధ్య ఇరుక్కుంది. అంతలో జేబులోంచి ఫోన్ జారిపడింది.

"బాబూ, మీ ఫోను పడిపోనాది. నాను ముట్టుకోనేదు, సూడండి."

పక్క సీట్లోని పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి, కాళ్లు కూడా సీటు మీదికి లాగేసుకున్నాడు. ఒళ్లో పచ్చి సుబాబుల్ కొమ్మల కట్ట ఉంది.

"కాస్త తీసివ్వొచ్చు కదండీ" అన్నాను విసుగ్గా.

"అలాగే తప్పిపోయిన మేకనొకదాన్ని పోలీసు టేసన్లో అప్పగించానండి. దొంగతనం సెయ్యకపోతే నీ దగ్గిరికెలాగొచ్చింది అన్నారు. ఈ మేకెవరిదో నానెరగనన్నాను. అంతలో అది నన్ను సూసి అరిసింది. దార్లో రెండాకులు పెట్టాను మరి. గుర్తు పట్టింది, నువ్వే దొంగవి అని కేసు రాసేసారు."

నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"మరి నా ఫోన్ సంగతి ఎందుకు చెప్పారు?"

"సెప్పకపోతే మీరెతుక్కుంటారు గదా."

ఎలాగో వంగి ఫోన్ తీసుకున్నాను. బస్సు కదిలింది. ఆ కేసు మీద వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టాలట. తర్వాతి ఊళ్లో దిగడానికి లేచాడు. ఆకులెవరికని అడిగాను.

"మేకింకా టేసన్లోనే కట్టేసుందండి. దానికెవరు పెడతారు?"

"మళ్లీ మిమ్మల్ని చూసి అరుస్తుందేమో!"

ఆయన కొమ్మల కట్ట భుజానికెత్తుకున్నాడు.

"ఆకలేస్తే అరవదేటండి మరి!"