చక్రాలు లేని బండికి నిమ్మకాయలు

భీమన్నను గురించి బహ్రెయిన్‌లో, రిఫా ఊళ్ళోని మనవాళ్ళు ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు: కరోనా కాలంలో, మూసి ఉన్న ఆటల హాలును దొంగతాళంతో తెరిచి, స్నేహితులచేత ఆడించాడని. అది అబద్ధం. పుట్టించినవాడు చదువుకున్నవాడు, నలుగురిలో మర్యాదస్థుడని పేరున్నవాడు, మా భవనంలోనే కాపురమున్నవాడు. నమ్మినవారు కూడా చదువుకున్నవారే. ఇంతకాలం ఊరుకున్నాను, ఇక ఊరుకోను.

భీమన్నది జగిత్యాల దగ్గరి పల్లె. అక్కడివారికి గల్ఫు అంతా దుబాయే. అతడు బహ్రెయిన్‌కు వచ్చి ఎన్నేళ్ళయినా, భార్య ముత్తెమ్మ ఇరుగుపొరుగుకు "మా ఆయన దుబాయిల ఉన్నడు" అనే చెబుతుంది. కట్టుబడి పనిలో కూలీగా వచ్చి, కరెంటు పనివారికి తీగలు అందిస్తూ ఆ పని నేర్చుకున్నాడు. మా భవనం కింది అంతస్తులో వీడియో ఆటల హాలు అమర్చినప్పుడు, తీగలు లాగడానికి వచ్చిన ఇతణ్ణి, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, అక్కడే ఉంచేసుకున్నాడు. అప్పటినుంచి ఆ యంత్రాలే అతని డ్యూటీ. కూర్చుని స్టీరింగు తిప్పే కారు, తుపాకీ ఆట, పాదాలతో తొక్కే డాన్సు పలక, గాజుపెట్టెలోంచి బొమ్మను పైకి లాగే కొక్కెం. పిల్లలు వాటిని గుద్దుతారు, తన్నుతారు, ఐస్‌క్రీము పూస్తారు. భీమన్న తుడుస్తాడు, బిగిస్తాడు, మళ్ళీ నడిపిస్తాడు. పిల్లలను కసరడం మాత్రం నేనెన్నడూ వినలేదు.

హాలుకు ప్రభుత్వ లైసెన్సు ఉంది. తలుపు పక్కన అద్దాల చట్రంలో వేలాడుతూ ఉంటుంది. డబ్బు గెలిచే ఆట ఒక్కటి ఉన్నా హాలు మూసివేస్తారు. రాసి ఉన్న వేళలు దాటి నడిపినా ఊరుకోరు. బాధ్యుడెవరన్న చోట ఉన్న పేరు మేనేజరు భానుమూర్తిది. కాకినాడవాడు, చక్కగా మాట్లాడతాడు.

కరోనా వచ్చి హాలు మూతపడింది. భోజనశాలలు, వ్యాయామశాలలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నా మా కింది హాలుకు అనుమతి రాలేదు. ఇక్కడి వేసవిలో సముద్రపు తేమ గోడలలోకి కూడా దిగుతుంది. ఏసీ ఆపిన గదిలో యంత్రాలు ఊరికే ఉంటే లోపల చెమర్చి పాడైపోతాయి. అందుచేత భానుమూర్తి తాళంచెవి భీమన్న చేతికిచ్చి, వారానికొకసారి షట్టరు దించుకుని, ఒక్కడే లోపల ఉండి, అన్నింటినీ కాసేపు నడిపించమన్నాడు. మరమ్మతుకు ఒక మనిషి వెళ్ళడం నిబంధనలకు విరుద్ధం కాదు. శుక్రవారం మధ్యాహ్నాలలో, ఎవరూ ఆడని ఆటల సంగీతం మా నేల కిందినుంచి వినిపించేది.

ఇంతలో దసరా వచ్చింది. ఏటా ఆ రోజు హాలు తెరవకముందే భీమన్న యంత్రాలకు ఆయుధపూజ చేసేవాడు. భానుమూర్తి భార్య కోమల పులిహోర పంపేది. భానుమూర్తి స్వయంగా వచ్చి బొట్టు పెట్టించుకుని, కొబ్బరిముక్క నోట్లో వేసుకుని వెళ్ళేవాడు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

ఆ సంవత్సరం పూజ మానుకుందామనుకున్నాడట భీమన్న. ఫోనులో ముత్తెమ్మ ఊరుకోలేదు.

"తిండి పెట్టే మిషిన్లకు మొక్కకుంట పండుగేందయ్యా? కరోనా నీకొచ్చిందా, దేవునికొచ్చిందా?"

అతడు వెళ్ళి, అన్ని యంత్రాలనూ వెలిగించి, పసుపు కుంకుమలు పెట్టాడు. అగరువత్తుల పొగకు అగ్నిప్రమాదపు గంట మోగుతుందేమోనని భయపడి షట్టరును సగం పైకెత్తాడు. అదే సమయానికి కూలీల క్యాంపునుంచి అతని స్నేహితులు పరమేశ్, వెంకటి జమ్మి ఆకు పట్టుకుని వచ్చారు. ఈ ఎడారిలోనూ జమ్మి పెరుగుతుంది. మనవాళ్ళు ఎక్కడున్నా దానిని వెతికి పట్టుకుంటారు. పండుగనాడు జమ్మి తెచ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టడం భీమన్నకు చేతకాలేదు.

కారు ఆట యంత్రం ముందు నిమ్మకాయలు పెడుతుంటే పరమేశ్ నవ్వాపుకోలేకపోయాడు.

"చక్రాల్లేని బండికి నిమ్మకాయలేందిరా?"

"బండి బండే. నువ్వు మొక్కు."

"పొద్దాక గోడలకు గుద్దుకునే బండిరా ఇది. దీన్ని ఏ దేవుడు కాపాడ్తడు?"

"గుద్దేది పిల్లలు. దాని తప్పేమున్నది?"

పూజ చేసిన బండిని ఒక్కసారైనా కదిలించాలి; కదిలిస్తేనే పూజ పూర్తయినట్లు. తన చేతులకు కుంకుమ ఉన్నందున భీమన్న వెంకటిని సీటులో కూర్చోబెట్టాడు.

"ఒక్క మలుపు తిప్పి దిగు. సోకులు జెయ్యకు."

వెంకటి తిప్పాడు. తెరమీది కారు గోడను గుద్దుకుంది. ముగ్గురూ నవ్వారు. జమ్మి ఇచ్చిపుచ్చుకుని, మాస్కులు గడ్డం కిందికి జారి ఉండగానే, అలయ్ బలయ్ తీసుకున్నారు. రోడ్డు అవతలినుంచి ఎవరో ఇదంతా ఫోనులో పట్టారు. సాయంత్రానికి ఆ వీడియో నా ఫోనుకు కూడా వచ్చింది.

తప్పు జరిగింది. మూసిన గదిలో ముగ్గురు చేరి కౌగిలించుకోవడం ఆ రోజులలో ప్రమాదం. మా భవనంలోనే ఒక ఇంటి పెద్దను ఆ జబ్బు తీసుకుపోయింది. ఆ తప్పును నేను సమర్థించను; భీమన్న కూడా సమర్థించుకోలేదు. నా కోపం ఆ తరువాత జరిగిన దానిమీద.

మరునాడు పొద్దున్నే కబురు వచ్చింది: ఆ పై రోజు తనిఖీ అధికారి వస్తాడని. ఆ ఉదయమే భానుమూర్తి మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, భీమన్న మీ మాట వింటాడు. తాళం నాకు తెలియకుండా తీశానని, ఫ్రెండ్స్ చేత ఆడించానని చెప్పమనండి. కంపెనీ తెరిచిందంటే లైసెన్సు పోతుందండి. పనివాడు తెరిచాడంటే జరిమానాతో సరి."

"మరి అతని సంగతి?"

"మహా అయితే పంపించేస్తారు. టిక్కెట్టు మనమే కొనిద్దాం. ఎప్పటికైనా వెళ్ళాల్సినవాడే కదండీ."

"తాళంచెవి మీరే ఇచ్చారు."

"ఇప్పుడా లెక్కలెందుకు మేడమ్? మా జస్వంత్‌ది పన్నెండో తరగతి. ఈ టైములో నా ఉద్యోగం కదిలితే ఏమవుతుందో మీకు తెలియదా?"

కొడుకు చదువును అడ్డం పెట్టుకుని మరొకని బ్రతుకును చెత్తబుట్టలో వేయడానికి ఆయన ఏమాత్రం వెనుకాడలేదు. కాఫీ ఇవ్వకుండానే తలుపు చూపించాను. కిందికి దిగి, ఆయన ఏం చెప్పించబోతున్నాడో భీమన్నకు ఉన్నదున్నట్లు చెప్పాను.

"ముగ్గురం జమైనం అమ్మా, అది తప్పే. ఏం శిక్ష ఏసినా పడ్త. గని తాళం దొంగిలిచ్చిన అని ఎట్ల జెప్పాలె? ఆడిపిచ్చిన అంటే పైసలు తీస్కున్న అన్నట్టే గద. నేను మొక్కిన. దొంగ అని ముద్రేసుకోని ఇంటికి వోతే, ముత్తెమ్మ మొకం ఎట్ల జూడాలె?"

మర్నాడు వచ్చిన అధికారి బహ్రెయినీ యువకుడు. షట్టరు ఎత్తించి, హాలంతా తిరిగి చూశాడు. నేను మెట్లమీదనే నిలబడి ఉన్నాను. భానుమూర్తి చక్కని ఇంగ్లీషులో తాను తయారుచేసుకున్న కథను వినిపించాడు: నమ్మిన పనివాడు, దొంగతాళం, స్నేహితులు, ఆట. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూడకుండానే అంతా చెప్పాడు. అధికారి భీమన్నవైపు తిరిగి, తాళంచెవి ఎవరిచ్చారని హిందీలో అడిగాడు.

"చాబీ ముదీర్ దియా," అన్నాడు భీమన్న, మేనేజరును చూపిస్తూ. "మై చోరీ నై కియా."

"ఏమయ్యా, కాస్త ఆలోచించి మాట్లాడు," అన్నాడు భానుమూర్తి తెలుగులో.

"రాత్రంత ఆలోచించిన సార్."

అధికారి వంగి, కారు యంత్రం ముందున్న నిమ్మకాయ ఒకటి తీసి, ఇదేమిటని అడిగాడు. ఊళ్ళో ట్రాక్టరుకు చేస్తాం, ఇక్కడ దీనికి చేస్తామని భీమన్న తన హిందీలో చెప్పాడు. అధికారి నవ్వలేదు, కసరలేదు. నిమ్మకాయను మళ్ళీ అక్కడే పెట్టి, గోడమీది లైసెన్సు దగ్గరకు వెళ్ళి, అందులోని పేరును వేలితో చూపిస్తూ భానుమూర్తిని ఒకే ప్రశ్న అడిగాడు: ఈ పేరు మీదే కదా? ఆయన తల ఊపాడు. తాళం ఎవరి దగ్గర ఉన్నా జవాబు చెప్పవలసింది మీరేనని అధికారి అన్నాడు.

గుమిగూడినందుకు ముగ్గురికీ జరిమానా పడింది. హాలు లైసెన్సు పోలేదు, కాని మిగిలిన హాళ్ళకంటే ఆలస్యంగా తెరుచుకుంది. భానుమూర్తి ఉద్యోగం కదలలేదు. జస్వంత్ పరీక్షలూ ఆగలేదు. భీమన్నను దేశం దాటించలేదు. అయితే హాలు తెరిచేలోపే అతణ్ణి గలాలీలోని కంపెనీ గోదాముకు మార్చారు. యంత్రాలు నడిపించినవాణ్ణి పెట్టెలు మోయడానికి పెట్టారు. 'సర్దుబాటు' అని ఆ పనికి పేరు పెట్టింది భానుమూర్తే. ఇంటికి పంపలేదు కదా, సంతోషించమని నాతో అన్నవారున్నారు. నేను సంతోషించలేదు. అబద్ధం చెప్పినవాడు చల్లని గదిలో కూర్చుంటే, నిజం చెప్పినవాడు ఎండలో పెట్టెలు మోయడం సర్దుబాటు కాదు, ప్రతీకారం.

కొన్నాళ్ళకు భోజనం తీసుకుని గలాలీ వెళ్ళాను. సామాన్ చూసుకోవడానికి అదే వేళకు భానుమూర్తి కూడా వచ్చాడు. నన్ను చూసి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏమయ్యా భీమన్నా, బాగున్నావా? జీతమేం తగ్గలేదు కదా?"

"తగ్గలే సార్."

"మరింకేం? జరిగిందేదో జరిగిపోయింది. కోపం పెట్టుకోకు."

"పెట్టుకుంట సార్."

భానుమూర్తి నవ్వు సగంలో ఆగింది.

"నన్ను దొంగను జెయ్యబోయిన్రు," అన్నాడు భీమన్న గొంతు పెంచకుండానే. "ఏటా నా చేత్తోని బొట్టు పెట్టిచ్చుకున్నోల్లు. అది మరిసిపోవుడు నాతోని కాదు. పనుంటే జెప్పున్రి, జేస్త."

ఆయన సాయం కోసం నావైపు చూశాడు. అన్నం గిన్నెను నీడలో పెట్టి, నేనూ పని ఏమిటో వినడానికే నిలబడ్డాను. భీమన్న ఒక పెట్టెను ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"జరుగున్రి సార్."

భానుమూర్తి జరిగాడు.