సగం గడ్డం

“పండగ మధ్యలో గడ్డం గీయించుకోమంటావే?” అన్నాడు ఆయన.

“గీయనియ్యి. గాలి లోపలికి పోవాలిగా,” అన్నాను నేను.

మొగుడూ పెళ్ళాలం చివరిగా అనుకున్న మాటలు అవే. ఐర్లండ్‌లో ఆయన ఆసుపత్రిలో, నేను బోమాంట్ దగ్గర కూతురింట్లో, మధ్యన ఫోను. కరోనా వచ్చిన తొలి ఏడు, గడ్డం ముట్టకూడని మా పస్కా పండగ రోజులు. గడ్డం ఉంటే ఊపిరి మాస్కు ముఖానికి అతకదు, తీసేయాలన్నారట. ఆ తర్వాత ఆయన గొంతు వినలేదు. పెట్టె మూసే ఇచ్చారు, ముఖం చూడనివ్వలేదు. ఏడాదిగా నన్ను తినేసింది ఒకటే. ఆయన్ని అడిగి గీశారా, పట్టుకుని గీశారా?

మళ్ళీ పస్కా వచ్చింది. మంగలి షాపులు ఇంకా మూసే ఉన్నాయి. మాసిన గడ్డాలతో తిరిగే తెల్లవాళ్ళని చూస్తే ఐర్లండ్ అంతా మా పండగే చేస్తున్నట్టుంది. పొద్దున ప్రెస్ తలుపు తీస్తే, అలమారాని ఇక్కడ అలాగే అంటారు, ఊరి కారం డబ్బా మూత ఊడి ఘాటు ముక్కులోకి కొట్టింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకే నా తమ్ముడి కూతురు ఏస్తేరుని, ఇక్కడ చదువుకుంటూ మాతోనే ఉంటున్న పిల్లని, కూర్చోబెట్టి చెప్పి రాయిస్తున్నాను.

గుంటూరు పక్క పల్లెలో ఊరి చివర మా పేట. యూదులమని చెప్పుకునే కొద్ది కుటుంబాలం. ఎండలు ముదిరి, కళ్ళాల నిండా మిరపకాయలు ఎర్ర దుప్పట్లు పరిచినట్టు ఎండుతూ, గాలి వీస్తే పేటంతా తుమ్ముతుండగా పస్కా వచ్చేది. అమ్మ ఇల్లంతా అలికి, పులిసిన పిండి నలుసైనా లేకుండా కుండలు తోమి బోర్లించి, పెనం మీద పులియని రొట్టెలు కాల్చేది. అవి చల్లారితే పెంకుల్లా పటపటా విరిగేవి. వాటిని చేదాకుతో నమిలి పిల్లలం ఎవరి మొహం ఎక్కువ వంకర పోయిందో పందెం వేసుకునేవాళ్ళం. పండగ ముందురోజు మగాళ్ళంతా మా పంచన వరసగా కూర్చుని జుట్టూ గడ్డమూ కత్తెరతో కురచ చేయించుకునేవాళ్ళు. ఇక పండగ వెళ్ళేదాకా కత్తెర తియ్యకూడదు. మధ్యలో చేయించుకోవచ్చంటే మనిషి బద్ధకించి మాసిన తలతోనే పండగలోకి వచ్చేస్తాడు, గుమ్మంలోనే శుభ్రంగా ఉండాలి అనేవాడు ప్రార్థన చదివే మా పెదనాన్న. రోజులు గడిచేకొద్దీ నాన్న బుగ్గలు కోసిన వరిచేలా గరగరలాడేవి, నా చెంప ఎర్రబడేదాకా వాటికి రుద్దుకునేదాన్ని.

ఒక ఏడు పండగ నడుమ పెదకామందు తల్లి పెద్దకర్మ వచ్చింది. ఆ రోజు కొడుకులతోపాటు పాలేర్లూ గుండూ గడ్డమూ గీయించుకోవాలని ఆ ఇంటి కట్టు. నాన్న ఆ ఇంటి పాలేరు. కళ్ళంలో చేతులు కట్టుకుని, పండగ వెళ్ళగానే చేయించుకుంటానని బతిమాలాడు.

“మా నాయనమ్మ చావు నీ పండక్కోసం ఆగుద్దంట్రా?” అని కామందు కొడుకు గుండెల మీద తన్నాడు.

మంగలి కత్తి కింద పడేసి వెనక్కి జరిగితే అది కూడా వాడే అందుకున్నాడు. నాన్నని మిరపకాయల మీద వెల్లకిలా పడేసి ఇద్దరు చేతులు తొక్కిపట్టారు, ఒకడు కాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళు లేవు, సబ్బు లేదు, ఎండు గడ్డం మీద కత్తి లాగుతుంటే చేపకి పొలుసు గీకిన చప్పుడు. అమ్మ రోకలి ఎత్తుకుని వస్తే జుట్టు పట్టి ఈడ్చి గట్టు మీదకి విసిరారు, పన్ను ఊడింది. నేను కాళ్ళ మీద కూర్చున్నవాడి చెయ్యి కొరికాను. నోట్లోకి నెత్తురు కంటే ముందు కారం వచ్చింది. అప్పుడే నాన్న తల విదిలించాడు, కత్తి చెవి కిందనుంచి దవడదాకా దిగింది. ఆ కోతలోకి కారపు దుమ్ము పోయింది. నాన్న పెట్టిన అరుపు మనిషి అరుపులా లేదు. వాకిట్లోంచి పెదకామందు అన్నది ఒకటే మాట.

“కాయల మీద కారనియ్యకండ్రా, పక్కకి లాగండి.”

మా మేనత్త కొడుకు దావీదు, తర్వాత నన్ను చేసుకున్నవాడు, చొక్కా విప్పి నాన్న దవడకి అదిమిపట్టాడు. కామందు కొడుకు కత్తి విసిరేసి పోయాడు. ఒక పక్క నున్నగా నెత్తురు, ఒక పక్క గడ్డం. పైగా కాయలు దొంగిలించాడని పోలీసులకి అప్పగించారు. అక్కడ అరికాళ్ళు పగిలేలా కొట్టి వదిలారు. కుంటుకుంటూ ఇంటికొచ్చేసరికి పండగ ఇంకా నడుస్తూనే ఉంది. చెరలోంచి వచ్చినవాడు పండగ మధ్యలోనైనా చేయించుకోవచ్చు, ధర్మంలోనే ఉంది, ఆ మిగతాది తీసేయిరా అన్నాడు పెదనాన్న.

“వాళ్ళు మొదలెట్టింది నా చేత్తో ముగించను,” అన్నాడు నాన్న.

ఆ సగం గడ్డంతోనే కళ్ళంలో పనికెళ్ళాడు. కామందు కొడుకు ఆ ముఖం చూడలేక వేరే గట్టున తిరిగాడు. పండగ వెళ్ళాకనే నాన్న కత్తెర పట్టాడు.

ఆ కళ్ళం ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లయింది. నాన్నా పెదనాన్నా లేరు, మా పంచన వరసగా కూర్చునే మగాళ్ళూ లేరు. మనవలకి పస్కా అంటే విరిగే రొట్టె, అంతే.

నిన్న ఒక నర్సు మా గేటు దగ్గరకొచ్చి నిలబడింది. ఆయన వార్డులో చేసిన ఒంగోలు వైపు పిల్ల. ఇన్నాళ్ళూ ఒకరింటికి ఒకరు వెళ్ళే రోజులా? పలకరింపు కూడా లేకుండా నన్ను తినేసిన ఆ మాట అడిగేశాను.

“అడిగే గీశానాంటీ. అంకుల్ తనే గడ్డం పైకెత్తాడు. ఒక పక్క అయ్యాక ఆయాసపడుతుంటే ఆపాను. రెండో పక్క కూడా తియ్యమ్మా, సగం వదలొద్దు అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలీలా.”

నాకు తెలిసింది. నాన్న దవడకి చొక్కా అదిమిన మనిషి ఆయన, పట్టుకుని గీసిందే సగంలో ఆగుతుందని ఎరిగినవాడు.

ఏస్తేరూ, ముక్కు తుడుచుకోవే. ఇప్పుడు మొదట ఆయన అన్న మాట దగ్గర్నుంచి చదివి వినిపించు. సగంలో ఆపకు.